ఆరో గుండీ

"బిడ్డా పార్వతీ! నా బండీకి గుండీ ఊడింది. జర చూస్తవా?"

గడప దగ్గర ఆయతు తాత గొంతు వినగానే కోస అన్నం ముందు నుంచి లేచాడు. చేతిలో ముద్ద అలాగే పట్టుకొని వాకిట్లోకి పరుగెత్తాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎద్దుల్లేవు. చక్రాల్లేవు.

"తాతా, నీ బండి యాడుంది? అయినా బండికి గుండీ ఎట్లుంటది?"

కంచం ముందు కూర్చున్న ఇర్మెకి నవ్వాగలేదు. పొలమారి దగ్గింది.

"ఎద్దుల బండి కాదురా! బండీ! హిందీలో చేతుల్లేని కోటును బండీ అంటరు."

"మరి కోటు అనొచ్చు కదా," అన్నాడు కోస. ముద్ద నోట్లో పెట్టుకొని వెనక్కి వచ్చాడు.

వాళ్ళ భోపాల్‌పట్నంలో ఇలాంటివి రోజూ జరుగుతాయి. ఇంట్లో తెలుగు. బడిలో, దుకాణాల్లో హిందీ. నాయనమ్మలు మాట్లాడుకునేది దోర్లీ. సంతలో హల్బీ. ఒకే మాట ఒక వీధిలో ఒక వస్తువు, ఇంకో వీధిలో ఇంకో వస్తువు. ఇర్మె అయిదో తరగతి కాబట్టి ఇవన్నీ తనకు బాగా తెలుసనుకుంటుంది. కోస రెండో తరగతి. వాడికింకా బండే బండి.

ఆయతు తాత ప్లాస్టిక్ సంచిలోంచి బండీ తీశాడు. ముదురు నీలం రంగు. ముందు వైపు కాఫీ రంగు గుండీలు ఆరు ఉండాలి. అయిదే ఉన్నాయి. పైనుంచి రెండోది లేదు. అక్కడ రెండు దారప్పోగులు వేలాడుతున్నాయి.

"ఎట్ల పోయింది మామా?" అంది అమ్మ, కుట్టు మిషన్ ఆపకుండానే.

"దండెం మీద ఆరేసిన. మా నల్లమేక నమిలి మింగింది."

"గుండీనా?" కోస కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆఁ. రెండు దినాలు దాని ఎనకనే తిరిగిన, ఎప్పుడన్నా పడకపోతదా అని. పడలే."

కోస పడీపడీ నవ్వాడు. తాత నవ్వలేదు. బండీ మీద చెయ్యి పెట్టి నిమిరాడు.

"మా మనుమరాలు జయ కొన్నది. దాని నర్సు చదువు అయిపోయింది గద. రేపు జగదల్‌పూర్‌ల వాళ్ళ కాలేజీకి రమ్మన్నరు. అందరి ముందర సర్టిఫికెట్ ఇస్తరంట. తాతా, గుండీలన్నీ పెట్టుకొని రా, ముందు వరసల కూసోవాలె అన్నది. పొద్దుగాల్నే బస్సు."

"సరే మామా. సాయంత్రానికి ఇస్త," అంది అమ్మ.

తాత ఇప్పపువ్వు మూట నెత్తిన పెట్టుకొని సంతకు వెళ్ళిపోయాడు.

అమ్మ దగ్గర పాత బిస్కట్ డబ్బా ఉంది. దాన్నిండా గుండీలే. ఆ డబ్బా అంటే ఇర్మెకి చాలా ఇష్టం. మూత తీసి వేళ్ళు లోపలికి దూర్చితే చల్లగా జారిపోతుంటాయి. కొన్నింటికి రెండు కన్నాలు, కొన్నింటికి నాలుగు. కొన్నింటికి ముందు కన్నాలే ఉండవు, వెనక చిన్న కొక్కెం ఉంటుంది. గుండీకి మూడు కన్నాలెందుకు ఉండవని ఒకసారి అమ్మను అడిగింది. అమ్మ కాసేపు ఆలోచించి, "నాకు తెల్వదు బిడ్డా," అంది.

ఈ రోజు డబ్బా మొత్తం చాప మీద బోర్లించి వెతికింది. కాఫీ రంగువి మూడు దొరికాయి. ఒకటి పగిలింది. ఒకటి మెరుస్తోంది. ఒకటి కందిగింజంతే ఉంది.

అమ్మ బండీ అందుకుంది. మిగిలిన గుండీల్లో ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని చూసింది. తర్వాత ఎదురుగా ఉన్న కాజాను చూసింది.

"పద్దెనిమిది నంబర్. దుర్గేశ్ దుకాణంల ఉంటది. నేను ఈ పెండ్లి జాకెట్టు మూడింటికల్లా ఇయ్యాలె. నువ్వు పోయి తే. బండీ కూడ తీస్కపో. కాజా చూసుకొని తేవాలె."

"నాకు కూడ ఓ కాజా తేవే అక్కా!" అన్నాడు కోస.

"తినే కాజా కాదురా తిండిపోతా! గుండీ దూరే సందు."

గుండీలకు నంబర్లుంటాయి. నంబర్ పెరిగినకొద్దీ గుండీ పెద్దదవుతుంది. ఇర్మెకి అది తెలుసు.

"బండీ ఎందుకమ్మా, మోత? నాకు యాదికుంది. కాఫీ రంగు, నాలుగు కన్నాలు, పద్దెనిమిది నంబర్."

అమ్మ ఏదో అనబోయింది. అప్పటికే ఇర్మె వీధిలో ఉంది.

దారంతా "పద్దెనిమిది, పద్దెనిమిది" అనుకుంటూ నడిచింది. సంత రోజు కదా, దుకాణం ముందు జనం బాగా ఉన్నారు. ఎనిమిదో తరగతి అక్కలు ఇద్దరు రిబ్బన్లు చూస్తున్నారు. వాళ్ళను చూడగానే ఇర్మె అడుగు నెమ్మదించింది.

పోయిన వారం బడిలో మేడం బోర్డు మీద ముప్పై తొమ్మిది రాసి హిందీలో చదవమంది. ఇర్మె గట్టిగా "ఉన్‌తీస్" అంది. అది ఇరవై తొమ్మిది. క్లాసంతా నవ్వింది. ఆ సమయంలో కిటికీ పక్కనుంచి వెళ్తున్న ఈ అక్కలు కూడా నవ్వారు.

"క్యా చాహియే, ఇర్మే?" ఏం కావాలని అడిగాడు దుర్గేశ్ భయ్యా. ఆయనది రాయ్‌పూర్ వైపు. తెలుగు కొంచెం కొంచెం వచ్చు.

"బటన్. భూరా. చార్ ఛేద్ వాలా."

రంగు సరిగ్గా చెప్పింది. నాలుగు కన్నాలూ చెప్పింది.

"కౌన్ సా నంబర్?"

పద్దెనిమిది. హిందీలో ఏమంటారు? అఠారానా? అఠాయీసా? రెండూ నోట్లో ఒకేలా మొదలవుతున్నాయి. అక్కల్లో ఒకామె ఇటు తిరిగింది. ఇర్మె గబుక్కున అనేసింది.

"అఠాయీస్."

"అఠాయీస్? పక్కా? నమూనా లాయీ హో?" చూపించడానికి పాతదేమైనా తెచ్చావా అని ఆయన అడుగుతున్నాడు.

"యాద్ హై," అంది ఇర్మె. గుర్తుందని.

దుర్గేశ్ భయ్యా వెనకనున్న డబ్బాల్లో ఒకటి లాగి గుండీ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. కాఫీ రంగు. నాలుగు కన్నాలు. కానీ చేతిలో అది వెడల్పుగా, బరువుగా ఉంది. బండీ మీదవి ఇంత పెద్దవా? అడుగుదామని నోరు తెరిచింది. అక్కలు ఇంకా అక్కడే ఉన్నారు. నోరు మూసింది. గుప్పిట కూడా మూసింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ లేదు.

"జాకెట్టు ఇయ్యనీకి పోయింది. గుండీ నిన్నే కుట్టమన్నది," అన్నాడు కోస.

ఇర్మె సూదిలో దారం ఎక్కించింది. గుండీలు కుట్టడం, కాజాలు కుట్టడం ఆమెకు నిరుడే వచ్చింది. ఖాళీ జాగాలో కొత్త గుండీ పెట్టి చూసింది. కోడిపిల్లల మధ్య పెట్ట కూర్చున్నట్టుంది.

"ఇది పెద్దగున్నది," అన్నాడు కోస.

"కుడితే సర్దుకుంటది," అంది ఇర్మె. కుడితే గుండీ ఎలా సర్దుకుంటుందో ఆమెకూ తెలియదు.

కుట్టింది. కాజాలోకి తోసింది. సగం దూరి ఆగిపోయింది. అడ్డంగా తోసింది. నిలువుగా తోసింది. బొటనవేలు ఎర్రబడింది. గుండీ మాత్రం దూరలేదు.

మళ్ళీ దుకాణానికి వెళ్ళాలి. వెళ్ళి ఏమని చెప్పాలి? ఈసారి ఏ నంబర్ అడగాలి? అక్కలు అక్కడే ఉంటే?

"అక్కా, గుండీ పెద్దది కాదు. సందే చిన్నగుంది," అన్నాడు కోస. "సందును పెద్దగ చెయ్."

ఆ మాట ఇర్మెకి నచ్చింది. చిన్న కత్తెర తీసుకుంది. కాజా చివర ఒక్కసారి, కొంచెమంటే కొంచెం కత్తిరించింది. గుండీ దూరింది!

"చూసినవా?" అన్నాడు కోస గర్వంగా.

ఇర్మె గుండీ తీసి, మళ్ళీ పెట్టి చూసింది. మూడోసారి పెట్టినప్పుడు ఒక నీలం పోగు బయటికొచ్చింది. దాన్ని లాగింది. దాని వెనక ఇంకోటి వచ్చింది. కాజా చుట్టూ దగ్గరదగ్గరగా ఉన్న కుట్టంతా సరసరా ఊడిపోయింది. కాజా చివరనున్న గట్టి ముడిని కత్తెర తెంపేసిందని అప్పుడు తెలిసింది. ఆ ముడే మొత్తం కుట్టును పట్టి ఉంచుతోంది. ఇప్పుడు కాజా నోరు తెరిచిన చేపలా ఉంది.

"బిడ్డా, ఒక లోటా నీళ్ళియ్యి."

ఆయతు తాత! ఇర్మె బండీని గబుక్కున చాప కింద పెట్టి, నీళ్ళు తెచ్చి ఇచ్చింది. 

తాత అరుగు మీద కూర్చొని నీళ్ళు తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"అయిందా?"

"అయితాంది తాతా."

"మంచిది. తొందర లేదు." తాత కాళ్ళు చాపాడు. "పోయినేడు కూడ వాళ్ళ కాలేజీకి పోయిన. అప్పుడు నా అంగీకి గుండీలు రెండే. అందరు మంచిగ ఇస్త్రీ బట్టలేసుకొని వచ్చిన్రు. నాకు లోపలికి పోబుద్ధి కాలే. గేటు కాడనే నిలబడ్డ. జయ పాట పాడిందంట. నేను గోడవతల్నించి విన్న."

ఇర్మె లోటా అందుకొని పక్కనే కూర్చుంది. చాప వైపు చూడకూడదనుకుంటూనే చూసింది.

"అందుకే గద పిల్ల ఇది కొనుక్కొచ్చింది. ఈసారి ముందు వరసనే." తాత తనలో తానే నవ్వుకున్నాడు.

కోస అక్క మొహంలోకి చూశాడు.  ఇర్మె లేచి, చాప కిందనుంచి బండీ తీసింది. రెండు చేతులతో తాత ముందు పెట్టింది.

"తాతా, గుండీ పెద్దది తెచ్చిన. అది దూరలేదు. నేను... కాజా కోసిన."

తాత బండీ ఎత్తి వెలుతురులో చూశాడు. కాజాలోకి వేలు పెట్టాడు. రెండో వేలు కూడా పెట్టాడు. 

"ఇప్పుడు ఇందులకెల్లి మా మేకనే దూరుతది," అన్నాడు చివరికి.

కోసకి నవ్వొచ్చింది. ఇర్మెకి ఏడుపొచ్చింది. అదే సమయానికి అమ్మ గడప దాటి వచ్చింది. తాత చేతిలోని బండీ చూసింది. పెద్ద గుండీ చూసింది. కత్తెర చూసింది.

"ఏంది ఇర్మే గిది? ఏ నంబర్ అడిగినవ్?"

"అఠాయీస్."

"నేను చెప్పింది పద్దెనిమిది గదా."

"అఠాయీస్ అంటే పద్దెనిమిది కాదా?"

"ఇరవై ఎనిమిది," అంది అమ్మ. "పద్దెనిమిది అఠారా. అది పెద్ద కోటు గుండీ. ఆయన్ను అడగలేకపోయినవా?"

"అక్కలున్నరు. మళ్ళ నవ్వుతరని..." అంది ఇర్మె.

అమ్మకి కోపం వచ్చినట్టే ఉంది. కానీ తాత ముందే అందుకున్నాడు.

"ఊకో బిడ్డా. నాకైతే ఇరవై దాటితే ఏ భాషల కూడ లెక్క రాదు. అయినా నలభై ఏండ్ల సంది సంత చేస్తలేనా?"

"ఎట్ల తాతా?" ఏడుపు మధ్యలోనే ఇర్మెకి తెలుసుకోవాలనిపించింది.

"గొడ్డలి కర్రకు చీల కావాల్ననుకో. కర్రనే తీస్కపోత. దీనికి సరిపోయేది ఇయ్యమంట. కర్ర ముందరుంటే హిందీ అయినా ఒకటే, హల్బీ అయినా ఒకటే."

అమ్మ ఇర్మెను దగ్గర కూర్చోబెట్టుకుంది. పెద్ద గుండీని విప్పి తీసింది. దాని ముందు నుంచి వెనక్కి, నడిమధ్యగా, ఒక దారం ఒక్క చుట్టు చుట్టింది. దారాన్ని గుండీ నుంచి జార్చి, ఆ చుట్టును రెండుగా నొక్కి, బాగున్న కాజా మీద పెట్టింది. దారం కాజాను దాటి బయటికొచ్చింది. తర్వాత బండీ మీదున్న పాత గుండీ ఒకదానికి అలాగే చుట్టింది. రెండుగా నొక్కి కాజా మీద పెట్టింది. అటూ ఇటూ ఒక్క పోగు తేడా లేదు.

ఇర్మె వంగి మరీ చూసింది. "కొలబద్దతోటి కొలిస్తే కాదా?"

"కొలబద్ద వెడల్పే చెప్తది. గుండీకి మందం కూడ ఉంటది గద. దారం రెండిటినీ చుట్టుకొస్తది. గుండీ పోయినా కాజా ఉంటది బిడ్డా. ఏ గుండీ కావాల్నో అదే చెప్తది."

"ఇంకా అయిదు కాజాలున్నయి," అంది ఇర్మె.

"ఉన్నయి. పోయి గుండీ తే. ఊడిన కాజా సంగతి తర్వాత చూద్దాం."

ఈసారి ఇర్మె బండీని చంకలో పెట్టుకొని వెళ్ళింది. ఎనిమిదో తరగతి అక్కలు వెళ్ళిపోయి ఉంటారనుకుంది. వెళ్ళలేదు. రిబ్బన్లయిపోయి క్లిప్పుల దగ్గరికొచ్చారు. ఇర్మె గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత లోపలికి వెళ్ళి బండీని బల్ల మీద పరిచింది.

"భయ్యా, నాకు అఠారా, అఠాయీస్ కలిసిపోతున్నయి. ముఝే నహీ ఆతా, నాకు రాదు. ఇది చూసి ఇయ్యండి."

అక్కల్లో ఒకామె కిసుక్కున నవ్వింది. ఇర్మె చెవులు వేడెక్కాయి. కానీ బండీ మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

దుర్గేశ్ భయ్యా నవ్వలేదు. తల గోక్కున్నాడు.

"నాకు ఎనిమిది, ఎనబై ఒకటే లాగా వినపడ్తది," అన్నాడు తన తెలుగులో. "ఒక తాత ఎనిమిది మూర తాడు అడిగాడు. నేను ఎనబై కొలిచా. తాత పారిపోయాడు!"

ఇప్పుడు అక్కలు ఇద్దరూ గట్టిగా నవ్వారు. ఇర్మె కూడా నవ్వింది.

"ఎనభై అంటే అస్సీ, భయ్యా. ఎనిమిది ఆఠ్."

"అచ్ఛా. నువ్వు నాకు చెప్పు, నేను నీకు చెప్తా."

ఆయన మూడు గుండీలు తీసి బండీ మీద పెట్టాడు. ఇర్మె ఒక్కొక్కటీ కాజాలో దూర్చి చూసింది. మొదటిది రంగులో అచ్చం పాతవాటిలాగే ఉంది. వెడల్పూ అంతే. కానీ నడుము ఉబ్బెత్తుగా ఉండి కాజాలో ఇరుక్కుంది. దారం చుట్టి చూస్తే నిజంగానే పొడుగొచ్చింది. అమ్మ చెప్పిన మందం అంటే ఇదే! రెండోది హాయిగా దూరింది. కానీ లాగితే అంతే హాయిగా జారి వచ్చేసింది. మూడోది కొంచెం గట్టిగా దూరింది. లాగితే రాలేదు. నాలుగు కన్నాలు. రంగు మాత్రం ఒక్క పిసరు లేత.

"రంగు ముఖ్యమా? పట్టు ముఖ్యమా?" అని తనను తాను అడిగింది.

"ఏది కావాలి?" అన్నాడు దుర్గేశ్ భయ్యా.

"ఇది. అఠారా." ఈసారి మెల్లగా, సరిగ్గా అంది. పెద్ద గుండీని వెనక్కి ఇవ్వబోతే, కుట్టి విప్పిన గుర్తుగా ఉంచుకోమని నవ్వాడు ఆయన.

ఇంటికొచ్చాక అమ్మ బండీ లోపలి మడతలోంచి చిన్న నీలం ముక్క తీసి, చిరిగిన కాజా వెనక పెట్టి మిషన్ మీద కుట్టి, దారంతో కొలిచి కొత్త సందు కోసింది. కాజా చుట్టూ చేతికుట్టు మాత్రం ఇర్మెదే. పోగు పక్కన పోగు. దగ్గర దగ్గరగా. చివర ముడి రెండుసార్లు వేసింది. ఆ ముడి ఏం చేస్తుందో ఇప్పుడామెకు తెలుసు.

లేత రంగు గుండీని ఖాళీ జాగాలో పెట్టి చూసింది. రెండో గుండీ అంటే సరిగ్గా గుండెల మీద ఉంటుంది. అందరి కళ్ళూ అక్కడే పడతాయి. తేడా తెలుస్తోంది.

ఇర్మె బండీని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. కింద చివరి గుండీ దగ్గర చెయ్యి ఆగింది.

"అమ్మా! తాత కూసుంటే ఇది ఒళ్ళోకి పోతది కదా? ఎవ్వరికి కనపడదు. దీన్ని ఊడదీసి పైన కుడితే? కొత్తది కింద కుడితే?"

అమ్మ మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి కూతురి వైపు చూసింది.

"కుట్టు," అంది.

పొద్దు వాలకముందే తాత బండీ తొడుక్కున్నాడు. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ పైకొచ్చాడు. రెండో కాజా దగ్గర వేలు ఆగింది. అక్కడ కుట్టు కొంచెం లావుగా తగులుతోంది.

"ఇదేనా మేక దూరే తొవ్వ?"

"మూసేసిన తాతా," అంది ఇర్మె.

"కొత్త గుండీ ఏది మరి?"

కోస కళ్ళు దగ్గర పెట్టి వెతికాడు. నాలుగోది అన్నాడు. కాదంటే మూడోది అన్నాడు. తాత బండీతోనే ఇంటికి బయలుదేరాడు. మేక ఉన్న ఇంట్లో దాన్ని దండెం మీద వెయ్యనన్నాడు.

రెండు రోజుల తర్వాత అమ్మ ఫోన్‌కి ఫోటో వచ్చింది. జయక్క తెల్లబట్టల్లో సర్టిఫికెట్ పట్టుకొని ఉంది. ముందు వరసలో ఆయతు తాత నిటారుగా కూర్చున్నాడు. ఆ ఎండలో కూడా మెడదాకా అన్ని గుండీలూ పెట్టుకున్నాడు. ఊపిరి బిగబట్టినట్టున్నాడు. ఇర్మె వేళ్ళతో ఫోటోను పెద్దది చేసి లెక్కపెట్టింది. అయిదు. ఆరోది ఒళ్ళో దాక్కుంది.

"అక్కా, ఈ పెద్ద గుండీ నాకిస్తవా?" కోస తన బడిసంచి తెచ్చాడు. దాని మూతకున్న బటన్ ఎప్పుడో విరిగింది. పుస్తకాలు బయటికి తొంగిచూస్తుంటాయి. "ఇది దీనికి కుట్టు. సందు కూడ చెయ్."

మంచి ఆలోచనే. ఇర్మె సంచిని ఒళ్ళో పెట్టుకుంది. కోస ఉత్సాహంగా కత్తెర తెచ్చి చేతికిచ్చాడు.

"కొయ్యవే అక్కా, కొయ్యి!"

ఇర్మె కత్తెరను చాప మీద పెట్టింది.

"ఆగు. ముందు దారం తే."